పొద్దుటి నీటి కోసం: అనంతగిరి అడవిలో మకాం, కోట్‌పల్లి జలాశయంలో కయాకింగ్

హైదరాబాద్ నుంచి వికారాబాద్ జిల్లాలోని అనంతగిరి అడవి, కోట్‌పల్లి జలాశయం వైపు వెళ్లేవారిలో చాలామంది శనివారం ఉదయం ఎనిమిది దాటాక ఇల్లు కదులుతారు. దారిలో టిఫిను, మర్రిచెట్ల కింద ఫొటోలు అయ్యేసరికి జలాశయం చేరేది పదకొండున్నరకు. అప్పటికి ఎండ ముదురుతుంది, గాలి లేస్తుంది, కయాక్ అనే చిన్న తెడ్డు పడవల కోసం జనం వరుస కడతారు. అరగంట ఎదురుగాలిలో తెడ్డు వేసి, భుజాలు నొప్పిపుట్టి, ఇంతేనా అనుకుంటూ వెనక్కి వస్తారు. ఆ నీటి తప్పేమీ లేదు, వెళ్లిన వేళ తప్పు.

రాత్రంతా చల్లబడిన నేల పొద్దున్నే గాలిని కదిలించదు. ఎండ ఎక్కి నేల వేడెక్కిన కొద్దీ గాలి పైకి లేచి, పక్కల నుంచి కొత్త గాలి వీస్తుంది. అందుకే మన దగ్గర చెరువులు, జలాశయాలు చాలా రోజుల్లో తెల్లవారుజాము నుంచి తొమ్మిదిన్నర వరకు నిశ్చలంగా ఉండి, మధ్యాహ్నానికి అలలు కడతాయి. అడవి అంచున రాత్రి గడపడానికి నా దృష్టిలో అసలు కారణం ఇదే: తెల్లవారేసరికి నీటి దగ్గర ఉండగలగడం. ఇది ఖాయం చేసుకుంటే మిగతా ప్రణాళికను ఆ ఉదయం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావచ్చు.

మొదట నెల, తరువాత తేదీ

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వానాకాలంలో చేరిన నీరు ఇంకా నిండుగా ఉంటుంది, నైరుతి గాలుల ఉద్ధృతి తగ్గి ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వికారాబాద్ ప్రాంతంలో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దగ్గరకు, ఒక్కోసారి అంతకంటే కిందకు దిగుతుంది. నగరంలో వేసుకునే పలచని స్వెటరు అక్కడ సరిపోదు. జనవరిలో సూర్యోదయం సుమారు 6:50కి, సూర్యాస్తమయం ఆరు గంటల ప్రాంతంలో. పగలు తక్కువ కాబట్టి మొదటి రోజు సాయంత్రం నాలుగింటికల్లా మకాం చేరాలి. చీకట్లో టెంటు వేయడం కొత్తవారికి కష్టం. పైగా నేల మీద ఏముందో కనిపించదు.

జూలై, ఆగస్టుల్లో అనంతగిరి అందం వేరు. పచ్చదనం, పొగమంచు చూడాలంటే అప్పుడే వెళ్లాలి. కాని నీటి మీదికి మాత్రం అప్పుడు వద్దు. గాలి హోరు, హఠాత్తుగా వాన, పిడుగులు, అలుగు పారే నీటి లాగుడు అన్నీ ఆ నెలల్లోనే. మార్చి నుంచి మే వరకు మరో సమస్య. ఆకురాల్చే అడవి ఎండిపోయి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది, నీరు తగ్గి ఒడ్డు బురద మిగులుతుంది, మునిగిన మొద్దులు పైకి తేలుతాయి.

కార్తీకంలో అనంతగిరిలోని అనంత పద్మనాభస్వామి ఆలయానికి భక్తులు పెద్ద సంఖ్యలో వస్తారు. స్వామి దర్శనం కోసమైతే అప్పుడే వెళ్లండి. ప్రశాంతమైన మకాం కావాలంటే ఆ వారాంతాలు వదిలేయండి. వీలైతే ఆదివారం రాత్రి ఉండి సోమవారం ఉదయం నీటిలోకి దిగేలా సెలవు పెట్టుకోండి. జనంలోనూ చప్పుడులోనూ వచ్చే తేడా ఆ ఒక్క సెలవుకు తగినదే.

ఏ నీరు?

మొదటిసారి వెళ్లేవారికి కోట్‌పల్లినే సూచిస్తాను. హైదరాబాద్‌కు దాదాపు 100 కిలోమీటర్లు, వికారాబాద్ దాటాక ధారూరు మీదుగా దారి. చుట్టూ అడవి ఉంటుంది, జలాశయం మరీ పెద్దది కాదు, ఒక్కరు, ఇద్దరు కూర్చునే కయాక్‌లు అద్దెకు దొరుకుతూ వచ్చాయి.

ములుగు జిల్లాలోని లక్నవరం కాకతీయుల కాలపు చెరువు. దీవులు, వేలాడే వంతెన, చుట్టూ కొండలు ఉన్న గొప్ప చోటు. కాని 200 కిలోమీటర్లు దాటిన ప్రయాణం కనుక రెండు రాత్రులు లేకుండా వెళ్తే కారులో కూర్చోవడమే మిగులుతుంది. రెండు రాత్రులు దొరికితే 1213 నాటి రామప్ప గుడి కూడా దగ్గరే. కొల్లాపూర్ దగ్గర సోమశిల వద్ద కృష్ణ వెనుక జలాలు ఇంకా విశాలం. అంత వెడల్పు నీటిలో గాలికి అడ్డు ఉండదు, ఒడ్డు దూరం. తెడ్డు బాగా అలవాటయ్యాకే అక్కడికి.

అసలు పడవ అంటేనే భయపడేవారు ముందు నగరంలోనే నీటితో స్నేహం చేసుకోవచ్చు. హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవల శిక్షణ ఏళ్లుగా నడుస్తోంది. లైఫ్ జాకెట్ వేసుకుని నీటిలో తేలడం ఒక్కసారి ఒంటికి తెలిస్తే సగం భయం పోతుంది. ఈత కొలనులో అయినా సరే ఆ అనుభవం తెచ్చుకుని వెళ్లండి.

అనుమతులు, ఫోన్లు

చాలామంది దాటవేసే పని ఇది. అడవి అంచున ఖాళీ జాగా కనిపించినంత మాత్రాన టెంటు వేయకూడదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. జంతువులను వేటాడడం, పట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఎవరికీ తెలియని చోట రాత్రి ఏదైనా జరిగితే వెతికి వచ్చేవారు ఉండరు.

మూడు మార్గాలున్నాయి. అనంతగిరిలో పర్యాటక శాఖ హరిత రిసార్ట్ ఒకటి. చుట్టుపక్కల పట్టా భూముల్లో, తోటల్లో టెంట్లు వేయనిచ్చే ప్రైవేటు మకాంలు రెండోది. అటవీ శాఖ అధికారుల అనుమతితో వారు చూపిన చోట ఉండడం మూడోది. కుటుంబంతో వెళ్లేవారికి, మొదటిసారి వెళ్లేవారికి రెండోదే తగినది. నీళ్లు, మరుగుదొడ్డి, రాత్రి కాపలా ఉంటాయో లేదో అడిగి డబ్బు కట్టండి. పూడూరు వైపు దామగుండం అడవిలో నౌకాదళ కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పాత ట్రెక్కింగ్ వీడియోలు చూసి అటు వెళ్లకండి.

పడవలు నడిపేవారికి రెండుసార్లు ఫోను చేయండి: వారం ముందు ఒకసారి, బయలుదేరే రోజు ఉదయం ఒకసారి. నీటిమట్టం, వాతావరణం, అధికారుల ఆదేశాలను బట్టి కయాకింగ్ ఆపేస్తూ ఉంటారు. అడగవలసినవి ఇవి. పొద్దున ఎన్ని గంటలకు మొదలుపెడతారు? ముందే చెబితే ఇంకా తొందరగా పంపగలరా? లైఫ్ జాకెట్లు పిల్లల కొలతల్లో ఉన్నాయా? ఎవరైనా నీటిలో పడితే వెళ్లడానికి మోటారు పడవ లేదా మనిషి సిద్ధంగా ఉంటారా? చివరి ప్రశ్నకు జవాబు తడబడితే వేరే చోటు చూసుకోండి. వారు ఎనిమిదింటికి గాని తెరవం అంటే ఎనిమిదింటికే మొదటి వరుసలో నిలబడండి. ఎవరూ లేనప్పుడు కట్టి ఉన్న పడవ విప్పుకుని వెళ్లడం మాత్రం ఎన్నడూ చేయకండి.

దారి

మెహదీపట్నం, లంగర్‌హౌజ్, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా వికారాబాద్. ఈ దారిలోని వందలాది మర్రిచెట్ల నీడ అరుదైనది. అదే దారి ఇరుకుగా ఉండి, కంకర లారీలతో రద్దీగా ఉండే చోట్లు కూడా ఉన్నాయి. చెట్ల దగ్గర ఆగాలనుకుంటే రోడ్డు దిగి సురక్షితమైన చోట బండి ఆపండి. చీకటి పడ్డాక ఈ రోడ్డు మీద ప్రయాణం పెట్టుకోకండి.

రైలు ఇష్టమైతే సికింద్రాబాద్, బేగంపేట, లింగంపల్లి నుంచి వికారాబాద్ జంక్షన్‌కు బండ్లు ఉన్నాయి. అక్కడి నుంచి అనంతగిరి సుమారు 6 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లవచ్చు. రైల్లో గ్యాసు డబ్బా, కిరోసిన్, పెట్రోలు వంటివి తీసుకెళ్లకూడదు. రైల్లో వెళ్లేవారు పొయ్యి మాట మరచి, మకాం వారి భోజనం ఖాయం చేసుకోవాలి.

సంచిలో ఏమి ఉండాలి

టెంటు కొత్తదైతే ముందు ఇంటి డాబా మీద ఒకసారి వేసి చూడండి. కర్రలు సరిపోయాయా, జిప్పు చివరిదాకా మూసుకుంటుందా అన్నది అక్కడే తెలియాలి. నేల మీద పరచడానికి టార్పాలిన్, దాని మీద దళసరి చాప లేదా ఫోమ్ పరుపు. చలి పైనుంచి కంటే నేల నుంచి ఎక్కువ ఎక్కుతుంది. దుప్పటి రెండు కప్పుకునేకంటే ఒకటి కింద వేసుకోవడం మేలు.

తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి. ఫోను వెలుగు దీనికి బదులు కాదు, రాత్రికి ఫోనులో చార్జింగ్ మిగలాలి. తాగే నీళ్లు మనిషికి రోజుకు 4 లీటర్లు. ఓఆర్ఎస్ పొట్లాలు, గాయానికి కట్టు, దోమల మందు, మీరు రోజూ వేసుకునే మాత్రలు. చెత్త కోసం రెండు పెద్ద సంచులు.

నీటి మీదికి వేరే దుస్తులు. జీన్సు తడిస్తే రాయిలా బరువెక్కి కాళ్లు ఆడనివ్వదు. నూలు బట్ట ఆరదు. పొడవు చేతుల పలచని సింథటిక్ చొక్కా, మోకాళ్ల దాకా ప్యాంటు, మడమకు పట్టీ ఉన్న చెప్పులు, గడ్డం కింద తాడున్న టోపీ చాలు. చున్నీ, చీర కొంగు వంటి వేలాడే బట్టలు వద్దు. కళ్లద్దాలకు వెనుక తాడు కట్టండి. కారు తాళం సంగతి ముఖ్యం. ఇప్పటి రిమోట్ తాళాలు నీట మునిగితే పనిచేయకపోవచ్చు. దాన్ని ఒడ్డున ఉండే మనిషికి అప్పగించండి, లేదా నీరు చొరని సంచిలో వేసి సంచిని పడవకు కట్టండి.

భోజనం సంగతి తేలిక, అయినా ఇష్టమైన విషయం కనుక చెబుతాను. మొదటి రాత్రికి చింతపండు పులిహోరకు మించినది లేదు. అన్నం పూర్తిగా ఆరాక కలిపి, చల్లారాకే డబ్బాలో పెట్టండి. వేడిగా మూత పెడితే ఆవిరి పట్టి సాయంత్రానికి పాడవుతుంది. జొన్నరొట్టెలు, పల్లీల కారం, వేయించిన ఎండుమిరపకాయలు తోడు. ఉదయానికి ఇంట్లోనే పోపు వేసి వేయించిన రవ్వ తీసుకెళ్తే మరిగే నీళ్లు పోసి పది నిమిషాల్లో ఉప్మా. పడవ ఎక్కే ముందు మాత్రం అరటిపండు, గుప్పెడు అటుకులు. కడుపు నిండా తిని తెడ్డు వేయలేరు. ఉప్మా ఒడ్డుకు వచ్చాకే.

మకాంలో సాయంత్రం, రాత్రి

టెంటుకు కాస్త ఎత్తైన, సమంగా ఉన్న నేల చూడండి. వాగు మార్గంలో, చెరువు శిఖంలో (చెరువు నిండితే మునిగే నేలలో), ఎండుకొమ్మలున్న చెట్టు కింద, పుట్టలకు, రాళ్లగుట్టలకు దగ్గరగా వద్దు. నీటి అంచుకు మరీ దగ్గరగా పడుకుంటే మంచు ఎక్కువ, దోమలు ఎక్కువ, రాత్రి నీళ్లు తాగడానికి వచ్చే జంతువుల దారి కూడా అదే కావచ్చు.

అనంతగిరి కోతులకు మనుషుల సంచులు బాగా తెలుసు. తిండి టెంటులో పెట్టకండి, కారులో పెట్టి తాళం వేయండి. వాటికి చేతితో పెట్టకండి కూడా. ఆ అలవాటుతోనే అవి తరువాత వచ్చే పిల్లల మీద పడతాయి.

పాముల గురించి భయపడకుండా, కచ్చితంగా మాట్లాడుకుందాం. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగు విషపాములూ మన ప్రాంతంలో ఉన్నాయి. మకాం వేసేవారు ముఖ్యంగా తలచుకోవలసింది కట్లపామును. అది రాత్రి తిరుగుతుంది, నేల మీద నిద్రపోయేవారిని కరుస్తుంది, కాటు నొప్పి తెలియకపోవచ్చు. అందుకే టెంటు జిప్పు ఎప్పుడూ, లోపల ఎవరూ లేనప్పుడు కూడా, పూర్తిగా మూసి ఉంచాలి. చెప్పులు లోపలే పెట్టుకుని, వేసుకునే ముందు దులపాలి. రాత్రి బయటికి వెళ్తే బూట్లు, టార్చి తప్పనిసరి. కాటు పడితే మనిషిని కదలనివ్వకండి, ఉంగరాలు, గడియారం తీసేయండి, కాటుపడిన కాలు లేదా చేయి కదలకుండా కర్రతో కట్టండి. కోయడం, పీల్చడం, బిగించి తాడు కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. 108కి ఫోను చేసి, విషం విరుగుడు మందున్న ఆసుపత్రికి ఆలస్యం లేకుండా చేర్చండి. ఆ ఆసుపత్రి ఏదో, ఎంత దూరమో బయలుదేరే ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అడవిలో సిగ్నల్ అన్నిచోట్లా అందదు.

చలిమంట మకాం వారు ఏర్పాటు చేసిన గుంటలోనే. అడవిలోంచి కట్టెలు ఏరుకురావద్దు. పడుకునే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, చేతి వెనుకభాగం దగ్గర పెట్టి వేడి లేదని చూడండి. టెంటు లోపల బొగ్గుల కుంపటి, గ్యాసు పొయ్యి ఎట్టి పరిస్థితిలోనూ వెలిగించకండి. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

మరుగుదొడ్డి లేని చోట నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంట తవ్వి, మట్టితో పూడ్చండి. మూసీ పుట్టేది ఈ అనంతగిరి కొండల్లోనే. ఇక్కడి వాన నీరు కొంత హైదరాబాద్‌కు తాగునీరిచ్చే గండిపేట చెరువుకు చేరుతుంది.

తొమ్మిదిన్నరకల్లా పడుకోండి. స్పీకర్లు ఇంట్లోనే వదిలి వెళ్లండి. పక్క టెంటువారికీ అడవికీ కూడా ఆ నిశ్శబ్దం హక్కు.

నీటి మీద

అయిదున్నరకు లేవండి. బట్టలు మార్చుకుని, అరటిపండు తిని, వెలుగు వచ్చేసరికి రేవు దగ్గర ఉండండి. దారికి పట్టే సమయం ముందురోజే చూసుకోవాలి.

మొదట గాలి. ముందురోజు రాత్రే వాతావరణ శాఖ మౌసం యాప్ చూడండి, పిడుగుల హెచ్చరికకు దామిని యాప్ ఉంది. గాలి వేగం గంటకు 10 కిలోమీటర్ల లోపైతే కొత్తవారికి హాయి. 15 నుంచి 20 మధ్య అలల తలల మీద తెల్లనురుగు కనిపించడం మొదలవుతుంది. నురుగు కనిపిస్తే కొత్తవారు ఒడ్డునే ఉండాలి. ఉరుము వినిపిస్తే వెంటనే ఒడ్డుకు రండి, చివరి ఉరుము తరువాత అరగంట దాకా మళ్లీ దిగవద్దు.

తరువాత లైఫ్ జాకెట్. గజ ఈతగాడికైనా సరే, మినహాయింపు లేదు. బకిల్సు అన్నీ పెట్టి, పట్టీలు లాగి, పక్కవారిని జాకెట్ భుజాలు పట్టుకుని పైకి ఎత్తమనండి. అది చెవుల దాకా లేస్తే వదులు. ఇంకో కొలత అడగండి. విరిగిన బకిల్, చినిగిన కుట్టు ఉంటే మార్పించుకోండి. ఇందులో మొహమాటపడకండి. పిల్లలకు పెద్దవారి జాకెట్ బిగించి కట్టడం ప్రమాదం. నీటిలో అది పైకి లేచి, పిల్లవాడు కిందికి జారతాడు. కొలత లేకపోతే పిల్లలను ఎక్కించవద్దు.

తెడ్డు రెండు వైపులా రెక్కలున్న కర్ర. తల మీద అడ్డంగా పెట్టుకుని మోచేతులు లంబకోణంలో వంచితే చేతులు ఎక్కడ ఉన్నాయో అక్కడే పట్టుకోవాలి. కాళ్లు ముందున్న ఆనికకు తన్నిపట్టి, వీపు నిటారుగా. రెక్కను పాదాల దగ్గర నీటిలో దించి, నడుము దాకా లాగి, ఎత్తండి. లాగేది చేతులు కాదు, తిరిగే నడుము. చేతులతో లాగితే ఇరవై నిమిషాల్లో భుజాలు పడిపోతాయి. కుడివైపుకు తిరగాలంటే ఎడమవైపు రెక్కతో వెడల్పుగా చాపం గీయండి. ఆగాలంటే రెండు వైపులా వెనక్కి పొడవండి. మొదటి పది నిమిషాలు ఒడ్డు దగ్గరే ఇవి సాధన చేయండి.

ఇద్దరి పడవలో బరువైనవారు, బలమైనవారు వెనుక. ముందున్నవారు లయ చూసుకుంటారు, వెనుకవారు దానికి తెడ్డు కలిపి దిక్కు చూసుకుంటారు. భార్యాభర్తలు, అన్నదమ్ములు పడవలో పోట్లాడుకునేది ఇక్కడే. ఎవరు చెప్పాలో, ఎవరు వినాలో ఒడ్డునే అనుకోండి.

కొత్తవారి వేగం గంటకు 3, 4 కిలోమీటర్లు. గంటసేపు పడవ దొరికితే ఇరవై నిమిషాలకే వెనుదిరగండి, మిగతా సమయం తిరుగు ప్రయాణానికి. కాస్త గాలి ఉంటే ముందు ఎదురుగాలిలో వెళ్లండి. అలసిన చేతులకు తిరిగి వచ్చేటప్పుడు గాలి సాయం చేస్తుంది. ఎప్పుడూ ఒడ్డు వెంబడే, జట్టుగా.

దూరంగా ఉండవలసిన చోట్లు. కట్టకు ఉన్న తూము దగ్గర నీరు పైకి ప్రశాంతంగా కనిపిస్తూ కింద లాగుతూ ఉంటుంది. అలుగు లేదా మత్తడి పారుతుంటే ఆ వైపు అసలు వెళ్లకండి. జాలరుల వలల గుర్తుగా తేలే బెండ్లు, సీసాలు కనిపిస్తే చుట్టు తిరిగి వెళ్లండి. అది వారి బతుకుతెరువు, పైగా వలలో తెడ్డు చిక్కుకుంటే పడవ ఒరుగుతుంది. నాచు, తూటికాడ గుబురుల్లోకి దూరకండి. మునిగిన చెట్ల మొద్దులు ఉన్నాయేమో నడిపేవారిని అడగండి. నీటిపక్షులు కూర్చున్న చోటికి వీడియో కోసం దూసుకెళ్లవద్దు. ఆగి చూస్తే అవి కూడా ఆగే ఉంటాయి.

పడవ బోల్తా పడితే? జాకెట్ మిమ్మల్ని తేలుస్తుంది. పడవను వదలకండి, ఒడ్డు దగ్గరగా కనిపించినా ఈదుకుంటూ బయలుదేరకండి. తెడ్డు అందితే పట్టుకోండి, ఈల వేయండి, చేయి ఎత్తండి. పైన కూర్చునే రకం కయాక్ అయితే తిరగేసి సరిచేసి, పక్క నుంచి రెండు చేతులూ అడ్డంగా పట్టుకుని, ఒళ్లు నీటి మీద చదునుగా వచ్చేదాకా కాళ్లు కొట్టి, ఛాతీని పడవ మీదికి లాగండి. తరువాత వెల్లకిలా తిరిగి కూర్చోండి. నడిపేవారి అనుమతితో, వారు చూస్తుండగా ఒడ్డు పక్కన ఇది ఒకసారి కావాలనే చేసి చూడండి. పడవలో నిలబడడం, పడవ మారడం, సెల్ఫీ కోసం పక్కకు ఒరగడం వద్దు. మద్యం తాగినవారిని పడవ ఎక్కనివ్వకండి. స్నేహితుడు అలిగినా ఫరవాలేదు.

తిరుగు ప్రయాణం

తొమ్మిదిన్నరకు గాలి లేచేసరికి మీరు ఒడ్డున ఉప్మా తింటూ ఉండాలి. పొడి బట్టలు మార్చుకున్నాక మకాం విప్పండి. మేకులు లెక్కపెట్టుకోండి, చాక్లెట్ కాగితాలు, నీళ్ల సీసాల మూతలు సహా అన్నీ సంచిలోకి. బయలుదేరాక ఇంటికి కబురు చెప్పండి. మీరు ఎక్కడ ఉన్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ముందే ఒకరికి చెప్పి ఉంచాలి కదా, వారు ఎదురుచూస్తుంటారు. అలసటగా ఉంటే ఎవరు బండి నడపాలో మార్చుకోండి, లేదా చెట్టు నీడలో గంట పడుకుని కదలండి. భోజనం వికారాబాద్‌లోనో చేవెళ్లలోనో.

ఇంటికి చేరిన రోజే టెంటును సంచిలోంచి తీసి డాబా మీద నీడలో ఆరవేయండి. తడి టెంటు రెండు రోజులు మడిచి ఉంటే బూజు పట్టి, కుట్ల దగ్గర పూత ఊడి, తరువాతి వానలో కారుతుంది. జిప్పుల్లోని ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో దులిపి, పూర్తిగా ఆరాకే మడిచి పెట్టండి.